పాత బండికి లీటరు లెక్క కట్టండి

20 ఏళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలంటే ఇప్పుడు 10,000 రూపాయలు. 2025 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ఇది. మోటారు సైకిల్‌కైతే 2,000, మూడు చక్రాల బండికి 5,000. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇదే పని కారుకి 600 రూపాయల్తో అయిపోయేది. ఆ రోజు నించి 15 ఏళ్ళు దాటిన కారుకి 5,000 చేశారు. మూడేళ్ళు తిరిగాయో లేదో 20 ఏళ్ళు దాటినదానికి ఇంకో 5,000 కలిపారు. గ్రీన్ ట్యాక్స్ విడిగా. బ్రేక్ ఇనస్పెక్టర్ గారి చుట్టూ తిరిగే ఖర్చు విడిగా.

ఈ దెబ్బ ఎవరికి తగులుద్దో చూడండి. సిటీలో ఉన్నోడు ఐదారేళ్ళకి బండి మారుస్తాడు. వాడు వదిలేసిన బండి రెండు మూడు చేతులు మారి మన ఊళ్ళకి వస్తది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్ కూడా అదే ఏడాది ఆగింది. అయినా ముమ్మిడివరం నించి ఆకివీడు దాకా ఏ సెంటర్లో నిలబడ్డా ఇవి కనపడతానే ఉంటాయి. కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడికి, చేపల చెరువు మీద కాపలా చూసుకునేవాడికి, రాత్రిపూట నొప్పులొస్తే భార్యని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినవాడికి ఆ బండే దిక్కు. 40,000 పెట్టి కొన్న బండికి 10,000 ఫీజంటే బండి ధరలో నాలుగో వంతు అన్నమాట.

కాలుష్యం తగ్గాలి, పెట్రోలు దిగుమతి తగ్గాలి, అందుకే పాత బండ్లు పోవాలి అంటన్నారు. మొదటి రెండు మాటలకి నేనూ ఒప్పుకుంటాను. మూడోదానికి మాత్రం కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క కడదాం రండి.

లీటరు లెక్క

మైలేజీ అనగానే మనం లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని చూస్తాం. అలా చూస్తే ఒక విషయం కనపడకుండా పోద్ది. తిరగేసి, వెయ్యి కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చూడండి.

ఒక పాత జీపు లీటరుకి 8 ఇస్తందనుకోండి. వెయ్యి కిలోమీటర్లకి 125 లీటర్లు తాగుద్ది. దాన్ని బాగుచేసి 10కి తెస్తే 100 లీటర్లు. 25 లీటర్లు మిగిలాయి. ఇప్పుడు 20 ఇచ్చే కొత్త కారు తీసుకోండి. దాన్ని 25కి తెచ్చారనుకోండి. 50 లీటర్లు తాగేది 40 తాగుద్ది. మిగిలింది 10 లీటర్లే. రెండోదాంట్లో ఐదు కిలోమీటర్లు పెరిగాయి, మొదటిదాంట్లో రెండే పెరిగాయి. అయినా ఆదా మొదటిదాంట్లోనే రెండున్నర రెట్లు ఎక్కువ.

ఎక్కువ తాగే బండిని కొంచెం బాగుచేసినా దేశానికి ఎక్కువ లాభం. ఆ పని చేసేది ఎవరు? మన షెడ్డు మెకానిక్కే. పదో తరగతి మధ్యలో ఆపేసి, చేతులకి గ్రీజు పూసుకుని, ఇంజను చప్పుడు విని రోగం చెప్పే కుర్రోడు. పర్యావరణం పేరు మీద వేసే ఏ స్కీములోనూ ఆ కుర్రోడి పేరుండదు.

ఇప్పుడు బండి మార్చేస్తే ఏమవుద్దో చూద్దాం. నెలకి 300 కిలోమీటర్లు తిరిగే కుటుంబం అనుకోండి. పాతది 15 ఇస్తే 20 లీటర్లు, కొత్తది 20 ఇస్తే 15 లీటర్లు. నెలకి 5 లీటర్లు మిగులు, రమారమి 550 రూపాయలు. దాని కోసం 5 లక్షల అప్పు 10 శాతం వడ్డీకి ఐదేళ్ళకి తీసుకుంటే నెలకి కట్టాల్సింది 10,600 పైమాటే. పైగా కొత్త కారు తయారవ్వాలంటే ఇనుము కరగాలి, అల్యూమినియం కావాలి, ప్లాస్టిక్ కావాలి. బండి రోడ్డెక్కకముందే కొన్ని టన్నుల బొగ్గుపులుసు వాయువు గాల్లో కలిసిపోద్ది. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కేజీలు. నెలకి ఐదు లీటర్లు మిగుల్చుకుంటా ఆ టన్నులు తీర్చాలంటే ఎన్నేళ్ళు పడుద్దో మీరే భాగించుకోండి.

నెలకి మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీకైతే లెక్క మారిపోద్ది, అక్కడ కొత్త బండే మేలు. నా బాధంతా ఈ తేడాని ఫీజు పట్టించుకోదని. బండి ఎంత తిరుగుతంది, ఎంత తాగుతంది, ఎంత పొగ వదుల్తంది అని అడగదు. ఎప్పుడు పుట్టావు అని మాత్రం అడుగుద్ది.

గాలి లెక్క

పాత బండిని ఎంతదాకా బాగుచెయ్యొచ్చో చూపించినోడు ఒకడున్నాడు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒకాయన తన 1992 మోడల్ హోండా సివిక్ తీసుకున్నాడు. ఇంజను జోలికి పెద్దగా పోలేదు. ప్లాస్టిక్ షీట్లు, అల్యూమినియం ముక్కలు తెచ్చి, ఇంటి దగ్గరే కారుకి వెనక పొడుగాటి తోక కట్టాడు. అడుగున నున్నటి పలక బిగించాడు. వెనక చక్రాల మీద మూతలేశాడు. చూట్టానికి కారులా ఉండదు, చేపలా ఉంటది. ఖర్చు కొన్ని వందల డాలర్లే. హైవే మీద గంటకి వంద దాటిన వేగంలో లీటరుకి 40 కిలోమీటర్ల దాకా వచ్చిందని ఆయన చెప్పాడు.

ఒక ఆకారం గాలికి ఎంత అడ్డంపడుద్దో చెప్పే అంకె ఉంది. డ్రాగ్ కోఎఫిషియెంట్ అంటారు. ఎంత చిన్నదైతే అంత మంచిది. 0.34 ఉన్నదాన్ని 0.17కి దించానని ఆయన లెక్క. 2022లో మెర్సిడెస్ కంపెనీ బోలెడంత ఖర్చుపెట్టి విజన్ ఈక్యూఎక్స్ఎక్స్ అని ఒక ప్రయోగం కారు చూపించింది. దాని అంకె కూడా 0.17.

ఇందులో మంత్రం ఏం లేదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య రేవు దాటినోళ్ళకి తెలిసిందే. పంటు ముందూ వెనకా చదరంగా ఉంటది. నీళ్ళని తోసుకుంటా, వెనకాల సుడులు లేపుకుంటా పోద్ది. పక్కనే చేపలోళ్ళ నావ సన్నటి మూతి, సన్నటి తోకతో నీళ్ళని చీల్చుకుంటా పోద్ది. గాల్లోనూ ఇంతే. బండి వెనక లేచే సుడి బండిని వెనక్కి లాగుద్ది. మన పాత వ్యాన్లు, జీపులు, లారీలు అన్నీ పంటు జాతివే.

మరి మనం కూడా కారుకి తోక కట్టేద్దామా? ఆగండి. గాలి అడ్డం వేగాన్ని బట్టి ఉంటది. వేగం రెండింతలైతే గాలి అడ్డం నాలుగింతలవుద్ది. గంటకి 40లో కాలవ గట్టు మీద పోయే కారుకి గాలి కంటే టైర్ల రాపిడే ఎక్కువ బరువు. 60 దాటాక గాలి పైచెయ్యి అవుద్ది, వందకి పోయేసరికి పెట్రోలులో పెద్ద వాటా గాలిని తొయ్యడానికే పోద్ది. కాబట్టి అంబాజీపేట సందుల్లో తిరిగే కారుకి తోక దండగ, స్పీడ్ బ్రేకర్ల దగ్గర అది నిలవదు కూడా. అడుగు పలక కట్టినా మన గోతులకి పగిలిపోద్ది. ముందు జాలీ పూర్తిగా మూసేస్తే రాజమండ్రి ఎండల్లో ఇంజను ఉడికిపోద్ది.

మన దగ్గర గాలి లెక్క అసలు పనికొచ్చేది 16వ నెంబరు హైవే మీద పోయే లారీలకి. భీమవరం, ఆకివీడు నించి చేపలు బెంగాలుకి పోతాయి. రావులపాలెం అరటి గెలలు, కోనసీమ కొబ్బరికాయలు రాష్ట్రాలు దాటి పోతాయి. ఒక్కో ట్రిప్పు వెయ్యి కిలోమీటర్ల పైనే. లారీ ముందు క్యాబిన్ కంటే వెనక లోడు ఎత్తుగా ఉంటది. గాలి తిన్నగా వచ్చి ఆ గోడకి కొట్టుకుంటది. టార్పాలిన్ పట్టా వదులుగా ఎగుర్తా ఉంటది. క్యాబిన్ మీద ఒక వాలు రేకు, బిగుతుగా కట్టిన పట్టా, ఈ రెండింటికే తేడా కనపడుద్ది. లీటరుకి 4 ఇచ్చే లారీ 4.4 ఇస్తే వెయ్యి కిలోమీటర్లకి 22 లీటర్లు పైగా మిగుల్తాయి. ఒక ట్రిప్పుకి రెండు వేల పైచిలుకు. లారీ ఓనరు కమ్ డ్రైవర్‌కి ఆ రెండు వేలు పిల్లల ఫీజు.

షెడ్డు లెక్క

కారుకైతే ముందు బాగుచేయించడం, తర్వాతే మెరుగులు. షెడ్లలో నేను చూసిన వరకూ మైలేజీ తినేసేవి చిన్న చిన్న విషయాలే.

బ్రేకు పట్టేసి ఉంటది. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోద్ది, స్వేచ్ఛగా తిరగాలి. టైర్లలో గాలి తక్కువుంటే మూడు శాతం దాకా మైలేజీ పోద్ది. ఎలైన్‌మెంట్ పోతే టైరు అరుగుద్ది, పెట్రోలు కరుగుద్ది. కార్బొరేటర్ సెట్టింగు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు సంగతి అందరికీ తెలుసు.

తెలియనిది ఒకటుంది. ఇంజను వేడెక్కుతందని చాలామంది మెకానిక్కులు థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. దాంతో ఇంజను ఎప్పుడూ ఉండాల్సిన వేడికి రాదు, ఎక్కువ పెట్రోలు తాగుతానే ఉంటది. వేడెక్కుతంటే రేడియేటర్ శుభ్రం చేయించాలి, వాల్వు కొత్తది వేయించాలి. పైన ఖాళీగా ఉన్న క్యారేజీ తీసెయ్యండి, గాలికి అదొక అడ్డం. డిక్కీలో పెళ్ళినాటి నించి ఉన్న సామాను దించెయ్యండి.

రెండు పనులు మాత్రం చెయ్యకండి. దిగుడులో ఇంజను ఆపేసి తోలకండి, బ్రేకు బలం పోద్ది. హైవేలో గాలి కలిసొస్తదని లారీ వెనకే అంటుకుని తోలకండి. మిగిలిన లీటరుతో ప్రాణం కొనుక్కోలేం.

చట్టం లెక్క

కష్టపడి బండి మెరుగుచేసుకున్నారనుకోండి, చట్టం ఏమంటది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. కేరళ నించి వచ్చిన కేసది. అదే ఏడాది చట్టంలో చేర్చిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఈ చట్టం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. సైలెన్సర్ పీకేసి ఊరంతా అదరగొట్టేవాళ్ళు, చక్రాలు బయటికి తోసేసి వెడల్పు టైర్లు వేసేవాళ్ళు, స్కూలు ఆటోకి రెండు బల్లలు అదనంగా బిగించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని ఆపాల్సిందే. అయితే ప్రాణం తీసే మార్పునీ, పెట్రోలు మిగిల్చే మార్పునీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ?

దారి లేకపోలేదు. సీఎన్‌జీ కిట్టుకి అనుమతి ఉంది, కరెంటు కిట్టుకి ఉంది, దివ్యాంగుల కోసం బండి మార్చుకోడానికి ఉంది. అయితే కిట్టుకి ఆమోదం కావాలంటే పూణేలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి సంస్థల దగ్గర పరీక్ష చేయించాలి. కంపెనీ అయితే చేయించుకుంటది. కొత్తపేట షెడ్డులో ఉన్న కుర్రోడు ఏం పెట్టి చేయిస్తాడు?

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1893లో పుట్టిన ఆయనది తెలుగు మాట్లాడే కుటుంబమే. పెద్ద చదువు లేదు, చేత్తో నేర్చుకున్న విద్యే. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు సర్వీసు నడిపాడు, 1937లో దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారీలో చెయ్యేశాడు. 1952లో 2,000 రూపాయలకి వచ్చే రెండు సీట్ల పెట్రోలు కారు చేసి చూపించాడు. సర్కారు తయారీకి లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

బంకు లెక్క

ఒక పక్క మైలేజీ పెంచుకోమంటన్నారు, ఇంకో పక్క అదే మైలేజీ బంకులో తగ్గుతంది. ఇప్పుడు మనం కొట్టించుకునే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. నీతి ఆయోగ్ 2021లో వేసిన రోడ్‌మ్యాప్‌లోనే రాసింది: మామూలు పెట్రోలుకి తయారై 10 శాతం ఇథనాల్‌కి సర్దిన కార్లలో మైలేజీ 6 నించి 7 శాతం తగ్గొచ్చని, బైకుల్లో 3 నించి 4 శాతం అని. పాత బండ్లలో రబ్బరు పైపులు, వాషర్లు మార్చుకోవాల్సి వస్తది. ఇథనాల్ బియ్యం నించి, చెరుకు నించి, మొక్కజొన్న నించి వస్తది కాబట్టి రైతుకి మేలంటే నేను కాదనను. పాత బండోడికి ఇథనాల్ తక్కువుండే పెట్రోలు ఎంచుకునే వీలు మాత్రం ఇవ్వాలి కదా?

ధర చూస్తే మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయి ట్యాంకు నింపుకుంటారు మనోళ్ళు. అక్కడ లీటరుకి పది రూపాయల పైనే తక్కువ. 30 లీటర్లకి 300 మిగిలిందని సంబరపడతాం. దానికోసమే రానూ పోనూ 50 కిలోమీటర్లు తోలితే ఆ 300 దార్లోనే కాలిపోద్ది.

రెండో వైపు కూడా చూద్దాం

పాత బండ్లన్నీ అమాయకమైనవని నేననట్లేదు. 2020 ఏప్రిల్ నించి వస్తన్న బీఎస్-6 బండ్లతో పోలిస్తే పాత డీజిలు బండి వదిలే మసి, విషవాయువులు చాలా ఎక్కువ. నల్లటి పొగ కక్కుకుంటా బడి ముందు నించి పోయే బండికి మైలేజీ ఎంతొచ్చినా అది రోడ్డు మీద ఉండకూడదు. కింద రేకు తుప్పుపట్టి చిల్లులు పడిన కారు గుద్దుకుంటే లోపలున్నోళ్ళు బతకరు. అలాంటివి తుక్కుకి పోవాల్సిందే, నేనే ముందు చెప్తాను.

తుక్కుకి ఇచ్చినోడికి వచ్చేదేంటో కూడా చూడాలి. సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త సొంత బండి కొంటే రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా తగ్గింపు. కొత్తది కొనలేకే కదా వాడు పాతది కొన్నది! ఆ సర్టిఫికెట్ ఇంకొకరికి అమ్ముకోవచ్చు గానీ, మన మండలాల్లో ఆ బేరం తెలిసినోళ్ళు ఎంతమంది? పాతదిచ్చి కాస్త మంచి సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కునేవాడికి ఈ పాలసీలో చోటేదీ?

ఏం అడగాలి

ఒకటి. ఫీజు వయసుని బట్టి కాకుండా పరీక్షని బట్టి పెట్టాలి. బ్రేకులు, లైట్లు, పొగ, కింద రేకు చూసి పాసైన బండికి తక్కువ, ఫెయిలైనదానికి బాగుచేయించుకోడానికి గడువు, అయినా కాకపోతే తుక్కు.

రెండు. ప్రమాదం లేని మెరుగులకి ఒక జాబితా రాయాలి. లారీ క్యాబిన్ మీద వాలు రేకు, కారు అడుగు పలక లాంటివి ఏ కొలతల్లో పెట్టొచ్చో తెలుగులో రాసి ప్రతి రవాణా ఆఫీసు గోడకీ అంటించాలి. జిల్లాలో ఉన్న పాలిటెక్నిక్ మాస్టార్లు, బ్రేక్ ఇనస్పెక్టర్ కలిసి చూసి సంతకం పెట్టే ఏర్పాటుండాలి. పూణే పోవక్కర్లేకుండా.

మూడు. షెడ్డు కుర్రోళ్ళకి ఐటీఐల్లో సాయంత్రం బడి పెట్టాలి. బీఎస్-6 సెన్సర్లు, సీఎన్‌జీ, కరెంటు బండి నేర్పాలి. కేజీ బేసిన్ గ్యాసు మన కాళ్ళ కిందే ఉంది. పాశర్లపూడిలో 1995లో 65 రోజులు మండిన మంట చూసింది మన పెద్దోళ్ళు, 2014లో నగరం పైపులైను పేలితే కాలిపోయింది మనోళ్ళు. ఆ గ్యాసుతో నడిచే బండికి కిట్టు బిగించే పనైనా మన పిల్లలకి రావాలి.

నాలుగు. గ్రీన్ ట్యాక్స్ కింద మన జిల్లాలో ఏటా ఎంత వసూలవుతంది, దేనికి ఖర్చుపెడతన్నారు? ఇది అడగడానికి పది రూపాయల ఆర్టీఐ చాలు. కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, భీమవరం, ఏలూరు రవాణా ఆఫీసులకి ఒక్కో ఊరి నించి ఒక్కో కాగితం పడితే జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈలోగా మీ ఇంట్లో బండి లెక్క మీరే తీయండి. ట్యాంకు ఫుల్లు కొట్టించండి, మీటరు అంకె రాసుకోండి. మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్ళీ ఫుల్లు కొట్టించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. షెడ్డుకి తీసుకెళ్ళి పైన చెప్పిన పనులు చేయించి మళ్ళీ అలాగే చూడండి. రెండు అంకెలూ ఒక నోటు పుస్తకంలో తేదీలతో రాసిపెట్టండి. రేపు ఆఫీసరు ముందో, ఎమ్మెల్యే ముందో నిలబడి మా పాత బండిని బతకనివ్వండి అని అడిగేటప్పుడు ఆ పుస్తకం మీ చేతిలో ఉండాలి.